ఎర్ర బనాతు కోట్ల ఖాలా

తొడుక్కునే మనిషి లేనప్పుడు కూడా కోటు భుజాలు దిగజారకూడదనేది ఖాలా. "మనిషి ఇంట్ల లేడని ఇల్లు పడగొడ్తమా? గిది గంతే" అంటూ, వెదురు బద్దకు పాతచీర పేలికలు చుట్టి తానే తయారు చేసుకున్న హ్యాంగరును కోటులోకి జొనిపి, రెండు భుజాల మీదా చేతులు వేసి ఒక్కసారి నిమిరేది. బడికి పోయే పిల్లవాడిని గడపలో నిలబెట్టి నిమిరినట్టు.

ఇవాళ మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "బ్యాండు ఖాలా పోయిందట. మొన్ననే. నాకు గిప్పుడే తెలిసింది" అన్నాడు. నేను చిన్నవాడికి పాలు పడుతున్నాను. ఒకే ఊళ్లో ఉండి, ఆమె పక్కిల్లు వదిలి నాలుగు గల్లీల అవతలికే మారి, నాకు తెలియలేదు. ఇద్దరు పిల్లలయ్యాక గడప దాటడమే ఒక ప్రయాణమైపోయింది. చిన్నవాడి ఒళ్లు సాయంత్రం నుంచి కొంచెం వెచ్చగా ఉంది. ఇది రాస్తూ మధ్యమధ్య లేచి నుదురు ముట్టి వస్తున్నాను. ముట్టిన ప్రతిసారీ ఆమె మాటే వినిపిస్తోంది: "ఊకె ముడ్తే జరం తగ్గదు బిడ్డా. నీకే ఇంకింత భయమైతది."

ఆమె పేరు నాకు తెలియదు. గల్లీ మొత్తానికి ఆమె ఖాలా, అంటే చిన్నమ్మ, మరో ఖాలా ఎవరైనా ఉన్నచోట బ్యాండు ఖాలా. భర్త బ్యాండు మాస్టరు. ఆయన ఆమెను "సున్ రై?" అని పిలిచేవాడు, వింటున్నావా అని. అదే ఆమె పేరు కావచ్చని మా ఆయన నవ్వేవాడు.

పెద్దది ఇంకా బోర్లా కూడా పడని రోజుల్లో మేము పాత బస్టాండు వెనక ఒక గల్లీలో కిరాయికి దిగాము. మా ఆయనది కరెంటాఫీసులో ఉద్యోగం. దిగిన మర్నాడు పొద్దున్నే పిల్లనెత్తుకుని వెనక తలుపు తీశాను. నడుమెత్తు గోడకు అవతల, పక్కింటి వసారాలో, తలల్లేని ఎర్రటి మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. గాలికి చేతులు కదులుతున్నాయి. నేను కెవ్వుమన్నాను, నన్ను చూసి పిల్ల కెవ్వుమంది. ఆ ఎర్ర మనుషుల నడుమ నుంచి పొట్టిగా ఒక ఆడమనిషి తల బయటికి పెట్టింది. నోట్లో పాన్, చేతిలో బ్రష్షు.

"భయపడకు బిడ్డా. గీళ్లు కరువరు. రాత్రంత పెండ్లిల ఊది ఊది వచ్చిన్రు, గిప్పుడే పండుకున్నరు."

అవి బ్యాండు మేళం కోట్లు. మెడలో, చేతుల చివర జరీ పట్టీలు, రొమ్ము మీద జరీతో పాటు ఇత్తడి గుండీలు. ఊళ్లో వేరే బ్యాండ్లవాళ్లు తొడుక్కునే తళతళలాడే గుడ్డ కాదు, మందపాటి ఉన్ని బనాతు. మాస్టరు బ్యాండు పెట్టిన కొత్తలో సికింద్రాబాదు పోయి, మిలటరీ బ్యాండ్లకు కుట్టే ఒక దర్జీతో, ఒక్కొక్కరికి కొలతలు తీయించి కుట్టించినవి. ఆ దర్జీ ఇప్పుడు లేడు. ఉన్నా మళ్లీ అలాంటివి కుట్టించే శక్తి వాళ్లకు లేదు. "మా ఇంట్ల లక్షలు లేవమ్మా, అన్నీ కోట్లే" అని మాస్టరు కొత్తవాళ్లందరితో ఒకసారి అనేవాడు. ఖాలా నవ్వేది కాదు. ఎన్నిసార్లు విన్నదో పాపం.

ఆమెకు ఆ కోట్లు నవ్వులాట కాదు. మాస్టరు తమ్ముడు బొంబాయి దగ్గరి భీవండీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ప్రతి రంజాన్‌కు వచ్చి, "ఇంకెన్ని దినాలు ఈ పీపీ ఊదుతవ్ భాయ్? రా, సాంచా మీద నిలబడితే నెలకు నెల జీతం" అని చెప్పి పోయేవాడు. మాస్టరు కూడా సగం ఒప్పుకున్నాడు. ఈ లగ్గాల కాలం సరిగా నడవకపోతే వాయిద్యాలు అమ్మి పోదామన్నాడు. ఖాలా పుట్టింది ఈ సిద్దిపేటలోనే. ఒక్కగానొక్క కూతురిని చేర్యాలలో ఇచ్చింది. బస్సెక్కితే పూటలో పోయి, మనవడిని చూసి, పూటలో రావచ్చు. భీవండీ పోతే? ఆ ప్రశ్న నాతో ఒక్కసారే అన్నది, జవాబు కూడా తనే చెప్పింది: "కోట్లు ఉన్నన్ని దినాలు బ్యాండు ఉంటది. బ్యాండు ఉన్నన్ని దినాలు నాకు సిద్దిపేట ఉంటది. గందుకే గీటిని సావనియ్య."

నిజంగానే చావనిచ్చేది కాదు. ఎండాకాలం మొదలు కాకముందే కోట్లన్నీ దింపి, జేబులన్నీ మూసి టాకాలు వేసేది. పెళ్లిళ్లలో జనం బ్యాండువాళ్ల జేబుల్లో లడ్డూలు కుక్కుతారు, పాన్లు కుక్కుతారు, వాళ్లే బీడీకట్టలు కుక్కుకుంటారు. జేబు సాగితే కోటు ముందు భాగమంతా సంచిలా వేలాడుతుంది. బ్యాండులోని మగవాళ్లు గొణిగేవారు.

"జేబు లేకుంటె బీడీలు ఏడ పెట్టుకోవాలె భాబీ?"

"చెవిల పెట్టుకో."

"లడ్డు ఇస్తే?"

"నోట్ల పెట్టుకో. జేబుల లడ్డు పెడ్తే చీమ వస్తది. చీమ పోయినంక ఎలుక వస్తది. ఎలుక వచ్చినంక నువ్వెందుకు, నేనెందుకు?"

కాలరు లోపలి వైపు తెల్లగుడ్డ పట్టీ ఒకటి వదులు కుట్టుతో కుట్టేది. "పెండ్లంటే చాలు, గిన్నెడు నూనె పెడ్తరు నెత్తికి" అని తిట్టుకుంటూ, ప్రతి పెళ్లికీ ఆ పట్టీని విప్పి ఉతికి మళ్లీ కుట్టేది. కోటు మాత్రం నీళ్ల ముఖం చూడదు. చాకలి గడప తొక్కదు. పెళ్లి నుంచి రాగానే లోపలిది బయటికి తిప్పి, నీడలో, గాలి తగిలేచోట వేలాడదీయడం, చెమట పూర్తిగా ఆరాక తిరిగి మరలేసి పైనుంచి కిందికి మాత్రమే బ్రష్షు పెట్టడం. కిందినుంచి పైకి ఎవరైనా పెట్టారో, చేతి మీద ఒకటి వేసేది. మరక ఉంటే తడిబట్టతో అద్దడమే కానీ రుద్దడం లేదు. ఒక పూట తొడిగిన కోటుకు ఒక దినం సెలవు. వరుసగా లగ్గాలు వచ్చినప్పుడు మాస్టరుకూ ఆమెకూ దీనిమీదే తగాదా.

"ముహూర్తాలు పంతులు పెడ్తడు, నేను పెడ్తనా?" అని ఆయన.

"పంతులు కోటు తొడుగుతడా?" అని ఆమె.

గుండీలు తోమడం చూడాలి. ఇత్తడి గుండీని అలాగే తోమితే చుట్టూ ఉన్న బనాతు నల్లబడుతుంది. అందుకని పాత పెళ్లికార్డుకు నడుమ చీలిక పెట్టి, గుండీ కాడను ఆ చీలికలోకి దూర్చి, కార్డు మీద గుండీ మాత్రమే పైకి కనబడేలా చేసి బూడిదతో తోమేది. వాళ్లు వాయించిన ప్రతి పెళ్లి కార్డూ ఇంట్లో ఉండేది కనుక దానికి కరువు లేదు. వధువు పేరు ఒకవైపు, వరుడి పేరు ఒకవైపు, నడుమ మెరుస్తున్న గుండీ.

కోట్లు దాచే బీరువాలో డాంబరుగోలీలు వేసేది కాదు. ఎండిన వేపాకు, బీడీలు చుట్టే ఇళ్లనుంచి తెచ్చిన తంబాకు పొట్టు, చిన్నచిన్న గుడ్డమూటల్లో. "పెండ్లిల అత్తరు వాసన రావాలె గాని సందూకు వాసన రావొద్దు" అనేది. ప్రతి కోటుకూ పాత పంచెతో కుట్టిన తొడుగు. ప్లాస్టిక్ కవరు ఎవరైనా తెచ్చిస్తే దండం పెట్టి వాపసు ఇచ్చేది. అందులో పెడితే మనిషికి ఊపిరాడనట్టే కోటుకూ ఆడదని ఆమె లెక్క.

మా ఆయన పెళ్లిసూటు ఆమె చేతిలో పడిన రోజు నాకు బాగా గుర్తు. అల్లుడికి సూటు కుట్టించడం మా అమ్మగారింట్లో తప్పనిసరి. విందు రోజు సాయంత్రం తొడుక్కుని, ఫొటో దిగి, విప్పి మడతపెట్టిన సూటు మళ్లీ వెలుగు చూడలేదు. ఒకరోజు పెట్టెలో బట్టలన్నీ ఎండ చూపిద్దామని తీసి, దాన్ని కూడా తాడు మీద మెడ దగ్గర క్లిప్పు పెట్టి, మిట్టమధ్యాహ్నపు ఎండలో వేలాడదీశాను.

గోడ అవతలనుంచి కేక: "ఎవలే గా పిల్లగాన్ని ఉరేసింది?"

నేను అటూ ఇటూ చూసేలోపే ఆమె గోడ ఎక్కి ఇటు దూకింది. ఆ వయసులో. సూటును తాడు మీదనుంచి దింపి చేతుల మీద వేసుకుంది, నిద్రపోయిన పిల్లను వేసుకున్నట్టు. మడతలు కత్తితో కోసినట్టు పడి ఉన్నాయి. డాంబరుగోలీ కరిగి ఒకచోట తెల్లటి మచ్చ.

"మంచి గుడ్డ. మంచి చెయ్యి కుట్టింది. పాపం, జైల్ల వేసిన్రు" అన్నది.

ఆ వారమంతా నాకు అదే పని నేర్పింది. మా ఆయన వేడినీళ్ల స్నానం అయ్యాక, ఆ గదిలో కాగుకు దూరంగా సూటు వేలాడదీసి తలుపు వేయమంది. ఆవిరికి మడతలు సగం వాటంతటవే వదిలాయి. మిగతాదానికి పైన తడిపి పిండిన పలుచని గుడ్డ పరచి, బొగ్గుల ఇస్త్రీపెట్టెను ఎత్తి ఎత్తి ఆనించడం. లాగడం లేదు. ముందు వైపు కాలరు వంగే చోట మాత్రం ఇస్త్రీ పెట్టనివ్వలేదు. "గీడ ముట్టకు. గిది ఒంగాలె, విరగొద్దు. విరిగితే రొట్టె లెక్క అతుక్కపోతది" అన్నది. ఇస్త్రీ చేసిన వెంటనే తొడుక్కోవద్దని కూడా చెప్పింది. వేడి మీద తొడిగితే మోచేతి దగ్గర పడిన ముడత ఇక పోదట.

మా ఆయన ఇదంతా చూసి, "నా కన్న నా సూటుకే మర్యాద ఎక్కువైంది ఖాలా" అన్నాడు.

"నీ మీద దుమ్ము పడితే నువ్వు దులుపుకుంటవ్ కొడుకా. అది దులుపుకోలేదు గద."

నన్ను కూడా దులిపేది. పెద్దదానికి అప్పట్లో ఒంటినిండా చెమటకాయలు. నాకు గాలి భయం, ధూళి భయం, ఈగ భయం. దానికి టోపీ, స్వెట్టరు, పైన రెండు తువ్వాళ్లు. దాని పొత్తిగుడ్డలు డెట్టాలు నీళ్లలో మరిగించి, ఎండబెట్టి, ఇస్త్రీ చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టేదాన్ని. ఆ దొంతర ముట్టుకునే హక్కు మా అత్తమ్మకు కూడా లేదు. ఖాలా గోడ మీద మోచేతులు ఆనించి చూసి చూసి ఒకరోజు అన్నది:

"గా పొల్లను ఎన్ని గుడ్డల్ల చుడ్తవే? మా ఇంట్ల కోటుకు తగిలినంత గాలి నీ ఇంట్ల పిల్లకు తగలది."

నాకు కోపం వచ్చింది. ఆ రోజంతా వెనక తలుపు తీయలేదు.

ఆ ఎండాకాలంలోనే వాన సంగతి జరిగింది. వానాకాలపు వాన కాదు, మే నెలలో ఎవరూ అనుకోని వాన. మాస్టరు బ్యాండు ఒక పెళ్లి ఊరేగింపు మధ్యలో ఉండగా, మధ్యాహ్నం పూట, ఆకాశం చీలినట్టు కురిసింది. ఆ వెంటనే మరుసటి సాయంత్రం ఊళ్లో ఒక బట్టల దుకాణం సేటు కూతురి పెళ్లి. ఆ పెళ్లి కోసమే మాస్టరు నెలనుంచి ఎదురుచూస్తున్నాడు. కరీంనగర్ నుంచి ఇంకో బ్యాండు కూడా సేటు చుట్టూ తిరిగింది. సేటు మాత్రం మాస్టరుతో ఉన్నదున్నట్టు చెప్పాడు: "నీ పాట నాకు తెల్వదు మాస్టరూ. నీ కోట్లు తెలుసు. అందరు ఒక్క తీరుగ కోటు మీద రావాలె. ఒక్కడు తక్కువైనా నేను వాళ్లను పిలుస్త." ఆ పెళ్లి దక్కితే సేట్ల ఇళ్లన్నీ దక్కుతాయి. పోతే ఆ ఎండాకాలం పోయినట్టే. ఆపైన భీవండీ.

వాళ్లు తడిసి ముద్దై ఇంటికి వచ్చారు. ఎర్రరంగు కారి తెల్ల ప్యాంట్ల మీద చారలు కట్టింది. క్లారినెట్టు గొట్టంలోంచి నీళ్లు వంపుతున్న మాస్టరు, "రొట్టెల భట్టి కాడికి కొంచబోదాం. గంటల ఆరుతయ్" అన్నాడు. ఇద్దరు ముగ్గురు అప్పుడే కోట్లు చుట్టి చంకలో పెట్టుకున్నారు.

ఖాలా గడపకు అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ ద్వారబంధానికి రెండు వైపులా ఆనించి.

"తడి ఉన్ని మంట కాడికి పోతే మల్ల మనది కాదు. ఒక్కటి గూడ గీ గడప దాటది. ఇడిసి పెట్టుండ్రి గీడ."

"రేపు పొద్దుమీకి ఆరకుంటె?" అని అరిచాడు మాస్టరు.

"ఆరకుంటె నువ్వు చెప్పినట్ల భీవండీ పోదాం. మంట కాడ పెడ్తే గూడ భీవండీనే గద? నా తీరుగ పోనియ్యి."

ఆమె గల్లీలోకి వచ్చి కేకేసింది, తువ్వాళ్లు కావాలని. ఎవరింట్లో ఉన్న దుబ్బాక తువ్వాళ్లు వాళ్లు తెచ్చారు. కోటును తువ్వాలు మీద పరచి, పైన మరొకటి వేసి, చాపలా చుట్టి, మోకాళ్లతో అదిమేది. పిండటం లేదు. తడిసిన తువ్వాలు తీసి పొడిది. మళ్లీ మళ్లీ అదే. తర్వాత కోటును హ్యాంగరుకు ఎక్కించి, భుజాలు, కాలరు, అంచులు ఎక్కడివక్కడ చేత్తో సరిచేసింది. ఇక కోటు చేతుల లోపల ఏదైనా మెత్తటి పొడిబట్ట కూరాలి, లేకపోతే లోపలి తడి ఆరదు, చేతులు అతుక్కుని ముడుచుకుంటాయి. తువ్వాళ్లు చాలలేదు. ఉన్నవన్నీ తడిసిపోయాయి.

నేను లోపలికి పోయి పొత్తిగుడ్డల దొంతర మొత్తం ఎత్తుకొచ్చి గోడ మీద పెట్టాను. ఎందుకు పెట్టానో, ఎప్పుడు ఆలోచించానో నాకే తెలియదు.

ఖాలా ఆగి చూసింది. "గివి పొల్లవి గద?"

"ఉతికినవే ఖాలా."

"అది నాకెర్కనే. ఊరంతకు ఎర్కనే" అన్నది. అంత హడావుడిలోనూ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మా ఇంటి టేబులుఫ్యాను కూడా వాళ్ల వసారాకే పోయింది. "కరెంటు పోతే ఊరిని అడగ, నిన్నే అడుగుత" అని మా ఆయనను హెచ్చరించింది ఖాలా. ఆయన నిజంగానే ఆఫీసుకు పోయి కనుక్కుని వచ్చాడు. నేను పిల్లనెత్తుకుని వసారాలోనే కూర్చున్నాను. తొడగడానికి గుడ్డలు లేవు. పిల్లను ఉత్త ఒంటితో చాప మీద, ఆ ఫ్యాను గాలిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. ఎర్రకోట్ల కింద అది కాళ్లు ఆడిస్తూ, చేతుల్లోంచి తెల్లగా బయటికి వచ్చిన తన గుడ్డలను చూస్తూ, కేరింతలు కొట్టింది. మర్నాటికి దాని వీపు మీద ఎరుపు సగం తగ్గింది. ఖాలా ఆ వీపు ఒకసారి నిమిరి, మళ్లీ కోట్ల దగ్గరికి పోయింది.

పొద్దున్నే కోట్లు చేతికి పొడిగా తగిలాయి. ఖాలా తడిగుడ్డ పరచి ఇస్త్రీకి కూర్చుంది. అప్పుడే ఆమెకు అర్థమైంది, వరుసలో ఒక హ్యాంగరు ఖాళీగా ఉందని. పెద్దడోలు వాయించే ఎల్లయ్య కోటు లేదు. నిన్న వానలో అతను వీళ్లతో ఇంటికి రానేలేదు. తడిసిన డోలు ఎత్తుకుని నేరుగా తన ఊరికి, కుకునూరుపల్లి బస్సెక్కాడు.

పొద్దెక్కాక ఎల్లయ్య వచ్చాడు. వీపున డోలు, చంకలో గుడ్డమూట, ముఖమంతా వెలుగు.

"భాబీ, నీకు ఒక్క పనన్న తప్పిచ్చిన" అన్నాడు మూట విప్పుతూ. "గిన్ని కోట్లు ఒక్కదానివి ఎట్ల ఆరబెడ్తవని, నాది నేనే ఆరబెట్టుకున్న."

"ఎట్ల ఆరబెట్టినవ్?" ఖాలా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"మాకు ఎర్కలేని పనా? తాతలనాటి నుంచి డప్పు కాపేటోళ్లం. గడ్డి మంట వేసిన. ఒక దిక్కు డోలు, ఒక దిక్కు కోటు. తిప్పుకుంట తిప్పుకుంట మంచిగ కాపిన." కోటు రొమ్ము మీద గోటితో కొట్టి చూపించాడు. "చూడు, ఎంత గట్టిగైందో. ఖణేల్ మంటున్నది."

వానకు వదులైన డప్పు చర్మాన్ని గడ్డిమంట దగ్గర పెడితే బిగుస్తుంది, మోగుతుంది. కోటు కూడా సరిగ్గా ఆ డప్పు నేర్చుకున్నదే నేర్చుకుంది. బిగుసుకుపోయింది. ముందు భాగం అట్టలా ఉబ్బి, ముడతలు పడి, గుండీకి కాజా అందడం లేదు. చేతులు రెండేసి వేళ్ల మేర కురచైపోయాయి.

మాస్టరు అరిచిన అరుపుకు పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. ఎల్లయ్య అందరి ముఖాలూ చూశాడు, తర్వాత కోటు చూశాడు. ఆ వెలుగు ముఖంలోంచి మెల్లగా దిగిపోయింది.

"డోలు మంచిగనే మోగుతుంది భాబీ..." అన్నాడు, ఎవరూ అడగకుండానే. మూటగుడ్డ మడుస్తూ మళ్లీ అన్నాడు, "నన్ను ఇడిసిపెట్టి పోండ్రి. నాకు ఒంట్ల మంచిగలేదని చెప్పుండ్రి సేటుకు."

"పెద్దడోలు లేక బ్యాండేందిరా?" మాస్టరు కింద కూలబడ్డాడు. "ఐపాయె. తమ్మునికి కబురు పంపుత."

ఖాలా ఆ కోటును వెలుతురులోకి తెచ్చి, జ్వరం చూసినట్టు అరచేతితో ముట్టి చూసింది. లోపలి కుట్లు తిప్పి చూసింది. కొసకు ఎల్లయ్య వైపు తిరిగి, "తొడుక్కో" అన్నది.

"పట్టదు భాబీ."

"పట్టేకాడికి తొడుక్కో. గుండీలు పెట్టకు. ఇగ డోలు వేసుకో."

అతను పట్టా మెడలో వేసుకుని డోలు రొమ్ము మీదికి తెచ్చుకున్నాడు.

"తిరుగు."

వీపు బాగానే ఉంది, కొంచెం బిగుతు. అంతే.

"ఇటు తిరుగు."

ఇటు తిరిగితే మెడకింది నుంచి నడుం కింది దాకా డోలే. కోటు ముందు భాగం ఉన్నదో లేదో దేవుడికే తెలియాలి.

మాస్టరు లేచి నిలబడ్డాడు.

ఖాలా అప్పటికే సూదిలో దారం ఎక్కిస్తోంది. పక్కకుట్లు విప్పి, ఆ పాత దర్జీ లోపల వదిలిన గుడ్డను బయటికి తెచ్చింది. చేతుల అంచు మడత విప్పి కిందికి దించింది. పాత మడత గీత కనబడుతుంటే, డోలు కింద ఎటూ దాక్కునే ముందు భాగంలోని జరీ పట్టీని ఊడదీసి, ఆ గీత మీద వేసి కుట్టింది. నేను సూదులకు దారాలు ఎక్కించి ఇస్తూ కూర్చున్నాను. పొద్దు వాలకముందే పని అయిపోయింది. ఎల్లయ్యను నిలబెట్టి చెప్పింది:

"ఇను. పెండ్లి అయ్యి ఇంటికి వచ్చేదాక డోలు దించొద్దు. అన్నం తిన్నా గట్లనే, నీళ్లు తాగినా గట్లనే."

"ఒంటికి పోవాలంటె?"

"పోకు."

సాయంత్రం బారాతు మా గల్లీ మొగలోంచే పోయింది. పెళ్లిళ్లు చూడటానికి ఎన్నడూ బయటికి రాని ఖాలా చాదరు కప్పుకుని వచ్చి నా పక్కన నిలబడింది. అందరూ కారులో పెళ్లికొడుకును చూస్తున్నారు. ఆమె చేతుల అంచులు చూస్తోంది. వరుసగా ఎర్రకోట్లు, వాన ముఖమే ఎరుగనట్టు. ముందు మాస్టరు క్లారినెట్టు. నడుమ ఎల్లయ్య. ఆ రోజు అతను వాయించినట్టు ఎన్నడూ వినలేదన్నారు అందరూ.

పాట ఆగినచోట సేటు స్వయంగా షర్బత్ గ్లాసులు పంచుతూ వచ్చాడు. ఎల్లయ్య దగ్గర ఆగాడు.

"శానా సేపయింది, డోలు దించి జెర కూసోరాదు."

ఖాలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దించొద్దు సేటూ. మొక్కున్నది" అన్నాడు ఎల్లయ్య.

"ఏం మొక్కు?"

"కొమురెల్లి మల్లన్నకు. మీ బిడ్డ పెండ్లి అయ్యేదాక డోలు దించనని మొక్కిన."

సేటు తన చేత్తోనే గ్లాసు ఎత్తి ఎల్లయ్య నోటికి పట్టాడు. గుక్క గుక్కకూ తాగించి, చిందిన చుక్కలను కండువాతో తుడిచాడు. ఖాలా చాదరు నోట్లో కుక్కుకుని నా భుజం మీద వాలిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. బహుశా రెండూ.

సేటు తమ్ముడి ఇంట్లో పెళ్లి కూడా అక్కడే, ఆ వీధిలోనే, మాస్టరుకు ఖాయమైంది. ఆ ఏడు రంజాన్‌కు వచ్చిన మాస్టరు తమ్ముడు సేమ్యా తిని, ఒక్కడే భీవండీ పోయాడు.

మర్నాడు పొద్దున నేను వెనక తలుపు తీసేసరికి కోట్లన్నీ ఎప్పటిలాగే వసారాలో ఉన్నాయి. మాస్టరు ఎల్లయ్య కోటును పట్టుకుని, "గిది కోసి ముక్కలు పెట్టు. మిగిలినయాటికి అతుకులకన్న పనికొస్తది. ఎల్లయ్యకు ఇంకోటి చూద్దాం" అంటున్నాడు. సబబైన మాటే. ఖాలా ఆయన చేతిలోంచి కోటు తీసుకుని, దాని జాగాలో, దాని హ్యాంగరుకే తగిలించింది. ఆయన లోపలికి పోయాడు.

ఆమె బ్రష్షు తీసుకుని వీపు దులిపింది, చేతులు దులిపింది. తర్వాత ముందుకు తిప్పి, ఆ ఉబ్బిన, ముడుచుకుపోయిన, జరీ ఊడదీసిన రొమ్ము మీద కూడా పైనుంచి కిందికి, ఏ తొందరా లేకుండా, మిగతా కోట్లకు పెట్టినంతసేపూ బ్రష్షు పెట్టింది. ఆపైన తడిగుడ్డ పరచి ఇస్త్రీపెట్టె అందుకుంది. ఎల్లయ్య అవతల మెట్టు మీద తల వంచుకుని కూర్చుని, అందరి కోట్ల గుండీలూ తానే తోముతున్నాడు.

నేను గోడమీదికి వంగి అడిగాను. "ఆ ముందు భాగం ఎవరు చూస్తరు ఖాలా? డోలు కిందనే ఉంటది గద."

ఆమె ఒకసారి మెట్టు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"కరాబైందని దానికి ఎవ్వలు చెప్పలే బిడ్డా. నువ్వు చెప్పకు."